వాలిన చేతుల సిలువ

నాలుగున్నరకి గని సైరన్ మోగింది.
అప్పటికి రెండో వాయి పిండి పిసుకుతున్నాను.
కిటికీ కింద క్విరీలా నది ఎప్పటిలాగే నల్లగా పోతోంది,
మాంగనీసు కడిగిన నీళ్లు.

గురాండా పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది.
"మూడో సొరంగం" అంది. ఇంకేం అనలేదు.
మూడో సొరంగంలో మా తమ్ముడు బాద్రీ ఉన్నాడు.

కూలబడి ఏడుద్దామనుకున్నాను ప్రభువా,
కానీ పిండి పొంగిపోయింది.
పిండికి ఎవరి కష్టమూ పట్టదు.

గని ఆఫీసు మనిషి వచ్చాడు.
తవ్వేవాళ్లకి మధ్యాహ్నానికి రెండొందల రొట్టెలు కావాలట,
డబ్బు తర్వాత ఇస్తారట.
ఊఁ అన్నాను.

మా పొయ్యి సంగతి నీకు తెలుసుగా,
నేలలో సగం పాతిన మట్టి బాన.
గోడలకి ఉప్పునీళ్లు చిలకరించి
ముద్దని పడవలా సాగదీసి
నడుం దాకా లోపలికి వంగి చరచాలి.
ఒక్క క్షణం కాళ్లు నేలని వదిలేస్తాయి.
మా నాన్న పోయాక ఇరవై ఆరేళ్లుగా
నా మోకరింపు ఇదే.

వంగినప్పుడు ఒక్క మాట: ప్రభువా, కనికరించు.
లేచినప్పుడు ఊపిరి.
రొట్టెకొక ప్రార్థన.
అంతకన్నా పొడుగు ప్రార్థన చేస్తే
కనుబొమలు కాలిపోతాయి.

కొండమీద ఫాదర్ ఇలారియోన్ గంట కొట్టిస్తున్నాడు.
ఊరంతా అటే ఎక్కుతోంది.
నా తలకి గుడ్డ ఉంది, కాళ్లకే తీరిక లేదు.

నువ్వు నేర్పిన ఆ ప్రార్థన ఇక్కడే మొదలుపెట్టాను.
రొట్టె అడిగే వాక్యం దగ్గరికొచ్చి ఆగిపోయాను,
ఏనాడూ ఆగనిదాన్ని.
చుట్టూ బల్లలనిండా నూట నలభై రొట్టెలు,
వాటి మధ్య నిలబడి అడగడానికి నోరు రాలేదు.
చాలాసేపటికి తోచింది,
ఆ వాక్యం ఇప్పుడు బాద్రీ అంటూ ఉంటాడని.
వాడి నోటితో అడిగించి
నా చేతులతో పెట్టిస్తున్నావేమో.
లేకపోతే ఇది నేను అల్లుకున్న ఓదార్పేమో.
ఏదైతేనేం, చేతులు కదిలాయి.

నూట అరవై ఒకటోది జారి బూడిదలో పడింది.
అరిచాను.
రొట్టె మీద కాదు, నీ మీదే అరిచాను.
గురాండా బెదిరి సిలువ గుర్తు వేసుకుంది.
నువ్వేమీ అనలేదు.

పొయ్యి పైన గోడకి మా అమ్మమ్మ సిలువ,
ద్రాక్ష కొమ్మలది.
మొదటిదాన్ని ఒకావిడ తన జుట్టుతో కట్టిందంటారు.
దాని చేతులు నిటారుగా చాపి ఉండవు,
రెండు పక్కలా కిందికి వాలి ఉంటాయి.
చిన్నప్పుడు, ఎండి వంగిపోయిందనుకునేదాన్ని.
ఇవాళ రెండొందలోది కొంకితో లాగి
చేతులు దించినప్పుడు అటు చూశాను.
నా చేతులు అచ్చం అలాగే ఉన్నాయి.

"నువ్వూ అలసిపోయావు కదూ" అన్నాను పైకే.
తర్వాత మూలనున్న పిండి బస్తా
ఒక్కదాన్నే ఎత్తి తొట్టిలో పోశాను,
పొద్దున గురాండా చెయ్యేసినా కదలనిది.

సాయంత్రం ముగ్గుర్ని బయటికి తీశారు.
బాద్రీ లేడు.
వాళ్లలో తెంగిజ్ మనవడు
నల్లటి వేళ్లతో రొట్టె తుంచుకుని
నమలకుండా బుగ్గనే పెట్టుకున్నాడట చాలాసేపు.
లోపల ఇంకా ఎవరో పాడుతున్నారని చెప్పాడట.

ఎవరని అడగలేదు నేను.
"శ్రుతి లేకుండానా? కనుక్కుని రా" అని
గురాండాని పంపాను.
మా ఇంట్లో పెళ్లిపాటల్ని కూడా పాడుచేసే గొంతు వాడిది.

అది ఇంకా రాలేదు.
రేపటికి పులిపిండి ముద్ద తీసిపెట్టి
వేలితో సిలువ గీసి
గుడ్డ కప్పాను.
కట్టెలు రెండు ఎగదోశాను.
దీపం వెలిగించలేదు, తలుపు మాత్రం తీసే ఉంది.
ప్రభువా, కనికరించు.
ఈసారి రొట్టె లేదు,
ఉత్త చేతులతోనే వంగాను.